‘మాఫీ’ అంటే అక్కడ క్షమాపణ కాదు

అరబ్బీ మనకు పరాయి భాష కాదని మనం అనుకుంటాం. పసితనంలోనే మస్జిదు మక్తబ్‌లో కాయిదా పట్టి అలిఫ్, బే దిద్దినవాళ్లం. రోజుకు ఐదు పూటలు ఆ భాషలోనే ప్రభువు ఎదుట నిలిచేవాళ్లం. అందుకే కువైట్‌కో రియాద్‌కో బయలుదేరే కడప, రాయచోటి, నిజామాబాద్ బిడ్డలకు పచ్చళ్లు, మందుబిళ్లలు సర్దిపెడతాం గాని, అక్కడ నోరు తెరిచి ఏమి మాట్లాడాలో ఎవరమూ నేర్పి పంపం.

ఖుర్ఆన్ పారాయణం వేరు, యజమానితో సంభాషణ వేరు. తజ్వీద్ తప్పకుండా యాసీన్ సూరా చదవగల యువకుడు ‘నా జీతం ఏది’ అని అడగలేక తల వంచుకుంటాడు. ఉర్దూ ఆదుకుంటుందన్న ధీమా మరింత ప్రమాదకరం. మనం ‘మాఫీ’ అని క్షమాపణ వేడుకుంటే, గల్ఫ్ వాడుకలో ‘మా ఫీ’ అంటే ‘లేదు’ అని అర్థం. మన ‘గరీబ్’ పేదవాడు, వారి ‘గరీబ్’ అపరిచితుడు. మన ‘రకమ్’ సొమ్ము, వారిది అంకె. ఇక ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరులకు ఆ అరకొర ఊతం కూడా లేదు.

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి తిరిగివచ్చిన ఒక సోదరి మాతో చెప్పిన మాట మరువలేనిది. ఆమెకు మూడు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం. ‘తబియత్ ఖరాబ్’ అని పదే పదే చెప్పింది. ఆ ఇంటి ఇల్లాలికి అది బోధపడలేదు. పని ఎగవేతకు సాకు అనుకుంది. అరబ్బీలో ‘అన మరీదా’ అనాలని ఆమెకు తెలియదు. ‘తబీబ్’ అన్న మాట మనదీ వారిదీ ఒకటే, అయినా ఆ ఆపదలో అది ఆమెకు తోచలేదు. నాలుగో రోజు పక్క ఇంటి కేరళ డ్రైవరు నోటిమాట వల్ల గాని ఆమె ఆసుపత్రి ముఖం చూడలేదు.

చట్టం లేదని కాదు. 2015 నాటి కువైట్ గృహకార్మికుల చట్టం కార్మికురాలి పాస్‌పోర్టును యజమాని దాచుకోరాదంటోంది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంటోంది. కాని అడగడానికి మాట లేనివారికి ఆ చట్టం ఉన్నా లేనట్టే. అంతకంటె పెద్ద చిక్కు సంతకాల దగ్గర వస్తుంది. సౌదీలోనైనా కువైట్‌లోనైనా ఒప్పందంపై వివాదం తలెత్తితే అరబ్బీ ప్రతికే ప్రామాణ్యం. ‘జీతం ముట్టింది’ అని రాసి ఉన్న కాగితం మీద, అది సెలవు చీటీ అనుకుని వేలిముద్ర వేసినవారికి ఆ తరువాత దిక్కెవరు?

నేర్చుకోవలసినది కొండంత ఏమీ లేదు. కువైట్ వాడుకలో ‘అబీ’ అంటే ‘నాకు కావాలి’. ఆ ఒక్క మాట వెనుక ఏది చేర్చినా వాక్యమే: అబీ తబీబ్, అబీ రాతిబీ (నా జీతం), అబీ జవాజీ (నా పాస్‌పోర్టు), అబీ ముతర్జిమ్ (దుబాసీ). సౌదీలో దానినే ‘అబ్గా’ అంటారు. ‘మా ఫహిమ్త్’ అంటే నాకు అర్థం కాలేదు. అర్థం కాని కాగితం ముందు పెట్టినప్పుడు తల ఊపడం మాని పలకవలసిన మాట ఇదే. సఫారా అంటే రాయబార కార్యాలయం, షుర్తా అంటే పోలీసులు. కువైట్‌లో అత్యవసర సహాయానికి 112. ఆ అంకెలను అరబ్బీలో పలకడం కూడా రావాలి.

భారమంతా కార్మికుని నెత్తినే పెడుతున్నారా అని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమైనదే. మనుషులను పంపి సొమ్ము చేసుకునే ఏజెంట్లకూ, విదేశీ మారకాన్ని లెక్కించుకునే ప్రభుత్వాలకూ ఈ బాధ్యత మొదట ఉంది. బయలుదేరేవారికి ప్రభుత్వం ఇచ్చే శిక్షణ ఒక్క రోజుతో ముగుస్తుంది. అందులో భాషకు మిగిలేది ఎంత? దానిని పెంచమని మనం అడుగుతూనే ఉండాలి. అయితే వచ్చే నెల విమానం ఎక్కే ఆడబిడ్డ మన వినతిపత్రానికి జవాబు వచ్చేదాకా ఆగదు.

మన మదర్సాలలో ఏళ్ల తరబడి నహ్వ్, సర్ఫ్ బోధించే ఆలిములున్నారు. గల్ఫ్ వాడుక భాష వ్యాకరణశుద్ధి లేనిదని వారిలో కొందరికి చిన్నచూపు. ఆ బిడియం కాస్త పక్కన పెట్టాలి. వారికి తోడు ప్రతి ఊళ్లోనూ పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడ పనిచేసి వచ్చిన ఆపాలు, చాచాలు ఉన్నారు. ఇషా నమాజు తరువాత అరగంట చొప్పున రెండు వారాలు చాలు. స్త్రీలకు వేరుగా, పగటి పూట. గోదావరి జిల్లాల నుంచి అదే కువైట్‌కు వెళుతున్న దళిత, బీసీ సోదరీమణులున్నచోట వారినీ పిలవాలి. కమిటీలు ముందుగా చేయవలసిన పని, తమ మొహల్లాలో ఎవరెవరు వీసా కోసం ఎదురుచూస్తున్నారో పేర్లు రాసుకోవడం. నేర్పవలసిన ఆపా బహుశా ఆ వీధిలోనే ఉంది.