ఏమిటో తెలియని పార్టుకు కరెంటు ఇవ్వకండి

చొప్పదండిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత కరెంటు సామాను లేని ఇల్లు అరుదు. బాయికాడి షెడ్డులో స్టార్టర్ డబ్బా, ఇంటి వెనక కాలిన మోటారు, అటక మీద పాత టీవీ. వాటిలోంచి పనికొచ్చేది తీసి మళ్లీ వాడుకోవడం మంచి అలవాటే, మానమని అనడం లేదు. ఒక్కటే బతిమాలుతున్నాం. చేతిలో ఉన్నది ఏమిటో, ఎన్ని ఓల్టులకు చేశారో తెలిసేదాకా దాన్ని ప్లగ్గులో పెట్టకండి.

మన దగ్గర ఎక్కువగా చేతికొచ్చేది కండెన్సర్. మూడు ఫేజులు అందని రోజుల్లో టూ ఫేజు మీదే మోటారు నడపడానికి రైతులు కండెన్సర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక వాటితో పని తగ్గింది, కానీ అవి షెడ్డుల్లో ఇంకా పడి ఉన్నాయి. సింగిల్ ఫేజు మోటారు డబ్బాలోనైతే రెండు రకాలుంటాయి. నల్లటి ప్లాస్టిక్ డబ్బీ మీద 100-120 ఎంఎఫ్‌డీ అని ఉంటే అది సాధారణంగా స్టార్టింగ్‌ది. మోటారు వేగం అందుకునే ఆ కొద్ది సెకన్లే దాని పని. 36 ఎంఎఫ్‌డీ, 440 ఓల్టులు అని ఉన్నది రన్నింగ్‌ది, మోటారు తిరిగినంతసేపూ లైనులో ఉంటుంది. స్టార్టింగ్‌దాన్ని రన్నింగ్‌దాని చోట బిగిస్తే వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. వంగి చూస్తున్న మనిషి కళ్లు పోవచ్చు.

అక్షరాలు చెరిగిపోయి ఉంటే అంచనా మీద బిగించకండి. డబ్బీ ఉబ్బినా, అడుగున నూనె చెమ్మ తగిలినా, టెర్మినల్ నల్లబడినా దాన్ని వదిలేయండి. లైను నుంచి విప్పేశాం కదా అని ధీమా వద్దు, కండెన్సర్ లోపల కరెంటు నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే పద్ధతి మానండి. పాతకాలం 60 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డర్ వైర్లను, ఇన్సులేషన్ దగ్గర పట్టుకుని, టెర్మినళ్లకు ఆనించండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. తర్వాత మల్టీమీటరులో సున్నా చూశాకే ముట్టుకోండి.

మైక్రోవేవ్ ఓవెన్‌ను విప్పనే విప్పకండి. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ 230 ఓల్టులను సుమారు 2,000 దాకా పెంచుతుంది. దానితో చెక్క మీద కొమ్మల్లాంటి బొమ్మలు కాలుస్తూ అమెరికాలో ముప్పై మందికి పైగా చనిపోయారు. వీడియోలు చూసి మన పిల్లలూ ఆశపడుతున్నారు. ఇంట్లో కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ ఉందని భరోసా పడకండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ రెండో చుట్ట నుంచి ఒంట్లోకి పారే కరెంటును అది పసిగట్టలేదు. గొట్టం టీవీ కూడా అలాంటిదే, ఆపేసిన తర్వాతా పిక్చర్ ట్యూబులో వేల ఓల్టులు నిలిచి ఉండొచ్చు.

ఇక లిథియం సెల్లులు. పాత లాప్‌టాప్‌ల నుంచీ స్కూటర్ల నుంచీ తీసి పవర్ బ్యాంకులు కడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో పక్కనున్న నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంటలకు, పొగకు పైన లాడ్జిలో ఎనిమిది మంది బలయ్యారు. నిజామాబాద్‌లో పేలింది ఫ్యాక్టరీలో తయారైన బ్యాటరీ. ఇంట్లో అతికించిన దాన్ని ఇంకెంత భయంగా చూడాలి? ఉబ్బిన సెల్లు, నొక్కు పడినది, తొడుగు చిరిగినది, 2 ఓల్టుల కిందికి దిగిపోయినది మళ్లీ చార్జింగుకు పనికిరాదు. ఏ సెల్లునైనా పడుకునే గదిలో, రాత్రిపూట చార్జింగ్ పెట్టకండి.

పాత సామాను ఏదైనా పరీక్షించాల్సిందే అనుకుంటే ముందు సిరీస్ బోర్డు మీద, అంటే లైనులో వరుసగా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉన్న బోర్డు మీద పెట్టండి. ఆ బల్బు నిండుగా వెలిగిందంటే లోపల షార్టు ఉందనుకోవాలి. పక్కన ఇంకొకరు, కాళ్లకు పొడి చెప్పులు, అందుబాటులో మెయిన్ స్విచ్చి ఉండాలి. ఎవరికైనా షాక్ తగిలితే చేత్తో లాగకండి. ముందు మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయండి.

మోటారు వైండింగ్ చేసే అన్నలకు ఒక విన్నపం. విప్పిన కండెన్సర్ చెడిపోయిందని తేలగానే, అందులో నిలిచిన కరెంటు దింపి, టెర్మినళ్లు తుంచి, మార్కర్‌తో అడ్డగీత కొట్టి తుక్కులో వేయండి. సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే మీ దుకాణం ముందు గుట్టలో వెతికేది బడిపిల్లలే.