గొంతు మీది... మైకు ఏది?

1952లో వచ్చిన ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ చూశారా? చూడకపోతే వీలు చూసుకుని చూడండి. మూకీలు పోయి టాకీలు వస్తున్న 1927 నాటి హాలీవుడ్ కథ. అందులో ఓ హీరోయిన్. మూకీల్లో మహారాణి. ఇప్పుడు మొదటిసారి నోరు విప్పి మాట్లాడాలి. పక్కనున్న పొదలో మైకు దాచిపెట్టారు. ఆవిడ పొదవైపు తిరిగితే మాట వినబడుతుంది, అటు తిప్పితే మాయమైపోతుంది! ఇలా లాభం లేదని మైకుని తీసుకొచ్చి గౌను మీద, గుండెల దగ్గర దాచారు. ఈసారి రికార్డిస్టుకి డైలాగు బదులు గుండె దడదడలు వినిపించాయి. తీరా చిత్రం పూర్తయి ప్రివ్యూ వేస్తే, ఆవిడ మెళ్ళో ముత్యాల దండ చప్పుడు ఉరుము ఉరిమినట్టు మోగి హాలంతా ఘొల్లుమంది.

ఆ సీను చూసి మనమూ నవ్వుతాం. కానీ ఇవాళ యూట్యూబులో సినిమా రివ్యూలు చెబుతున్న మన కుర్రాళ్ళు చాలామంది చేస్తున్న పని అదే! మైకు ఓ మూల ఉంటుంది, మనిషి ఓ మూల ఉంటాడు. మధ్యలో ఫ్యాను తన డైలాగు తాను చెప్పేస్తూ ఉంటుంది.

ఈ మధ్య మా టపాలో ‘ఫలానా హీరో ఎత్తెంత? ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు?’ అనే ఉత్తరాలు తగ్గాయి. ‘ఏ మైకు కొనమంటారు?’ అనేవి పెరిగాయి. వాటిలో ఒకటి మటుకు నన్ను కదలనివ్వలేదు. గుంటూరు నుంచి ఓ పాఠకురాలు రాసింది. డిగ్రీ రెండో సంవత్సరమట. పాత సినిమాల మీద పాడ్‌కాస్టు చెయ్యాలని కోరిక. ట్యూషన్లు చెప్పి కొంత డబ్బు కూడబెట్టింది. షాపతనేమో ‘కండెన్సరు మైకు తీసుకోండి మేడం, స్టూడియో క్వాలిటీ!’ అంటున్నాడట. “మాకున్నది ఒకటే గది. ఫ్యాను ఆపితే ఉడికిపోతాం. పక్కవాటాలో టీవీ, కింద ఆటోస్టాండు. డబ్బు ఒక్కసారే ఖర్చు పెట్టగలను. ఏది కొనను?” అని అడిగింది.

అమ్మాయీ, నీ ఉత్తరంలోనే జవాబుంది. షాపతను మైకు గురించి చెప్పాడు. నువ్వు గది గురించి చెప్పావు. మైకు కొనేముందు చూడాల్సింది ఆ గదినే!

షాపతను అబద్ధమాడలేదు లెండి. స్టూడియోల్లో వాడేవి ఎక్కువగా కండెన్సరు మైకులే. పల్చటి పొర ఒకటి, దాని వెనక పలక ఒకటి. గాలి తాకితే పొర కదులుతుంది, ఆ కదలికే విద్యుత్తుగా మారుతుంది. పొర బహు తేలిక కనుక గొంతులో సన్నటి జీరని కూడా ఇట్టే పట్టేస్తుంది. అయితే డబ్బింగు థియేటరు లోపలికి ఎప్పుడైనా తొంగి చూశారా? గోడలకి మెత్తలు, కిందంతా తివాసీ, బరువైన తలుపులు. అక్కడ చప్పట్లు కొడితే చప్పుడు చేతుల్లోనే చచ్చిపోతుంది. అలాంటి చోట పట్టడానికి గొంతు తప్ప మరేమీ ఉండదు. అదే మైకుని టైల్సు పరిచిన గదిలో, మూడు రెక్కల ఫ్యాను కింద పెడితే? అది అన్నిటినీ సమానంగా ప్రేమిస్తుంది... మీ గొంతునీ, ఫ్యానునీ, ఆటో హారన్‌నీ!

రెండో రకం డైనమిక్ మైకు. అయస్కాంతం దగ్గర చిన్న తీగచుట్ట, దాన్ని కదిలించే పొర. కాస్త మొద్దు జాతి. స్టేజీ మీద గాయకులు మూతికి ఆనించి పాడేది ఎక్కువగా ఇదే. ‘డైనమిక్ మైకు చుట్టుపక్కల చప్పుళ్ళని కోసి పారేస్తుంది’ అని వీడియోల్లో ఊదరగొడతారు. నమ్మకండి. ఏ మైకుకీ మీ గొంతేదో, పక్కింటి టీవీ ఏదో తెలియదు. దీని సుగుణం వేరే ఉంది. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మాట్లాడేలా దీన్ని తయారు చేస్తారు. అంత దగ్గరకొస్తే గొంతు బలంగా పడుతుంది, మైకు సౌండు తగ్గించుకోవచ్చు. దాంతోపాటే ఫ్యాను కూడా తగ్గిపోతుంది. అదీ రహస్యం!

కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర కూర్చున్నవాడు దర్జాగా కుర్చీలో వెనక్కి వాలి 60 సెంటీమీటర్లకి వెళ్ళాడనుకోండి. రెండుసార్లు రెట్టింపు, అంటే 12 డెసిబెల్స్ హతం. ఫ్యాను మటుకు మైకుకి ఇంతకుముందు ఎంత దూరమో ఇప్పుడూ అంతే దూరం. తగ్గిన గొంతుని పెంచుదామని గెయిన్ తిప్పితే, గొంతుతో పాటు ఫ్యానూ 12 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఏ మైకూ ఈ లెక్కని మార్చలేదు. అందుకే చవక మైకు బెత్తెడు దూరంలో వినిపించినంత చక్కగా, ఖరీదైన మైకు రెండడుగుల దూరంలో వినిపించదు.

దూరం తర్వాత దిక్కు. పెట్టె మీద ‘కార్డియాయిడ్’ అని ఉందేమో చూడండి. ముందునుంచి వచ్చేదాన్ని బాగా పడుతుంది, వెనకనుంచి వచ్చేదాన్ని చాలామటుకు వదిలేస్తుంది. కనుక ఏ చప్పుడు వద్దనుకుంటారో దానికి మైకు వీపు చూపించాలి. టేబులు మీద పొట్టి స్టాండులో మైకుని నోటివైపు ఎత్తి పెట్టారనుకోండి, దాని మూతి ఎటుంది? పైకి! సరిగ్గా సీలింగు ఫ్యాను వైపు! అదే షూటింగుల్లో బూమ్ మైకుని పైనుంచి వేలాడదీసినట్టు, చేతి స్టాండుకి తగిలించి నుదుటి ఎత్తునుంచి నోటివైపు కిందకి దించారనుకోండి. వీపు ఫ్యానుకేసి తిరుగుతుంది. ఆటలాడుతూ లైవ్‌లో మాట్లాడేవాళ్ళకి ఇక్కడో చిక్కుంది. పైనుంచి దించితే మూతి కీబోర్డుకేసి చూస్తుంది. ఫ్యాను ముఖ్యమా, కీబోర్డు ముఖ్యమా తేల్చుకోవాలి. మైకు పక్కనుంచి రావడం మధ్యేమార్గం.

దిక్కు తెలియక పాడయ్యే మైకు ఒకటుంది... యెతి! 2009లో వచ్చింది. అప్పుడు దాన్ని తయారు చేసిన బ్లూ కంపెనీని 2018లో లాజిటెక్ కొనేసింది. లావుగా, అందంగా, టేబులు మీద హీరోలా నిలబడుతుంది. జనం దాని నెత్తిమీద మాట్లాడతారు. అది వినేది పక్కనుంచి! కంపెనీ ముద్ర ఉన్న వైపు మీకేసి తిప్పుకోవాలి. దానికి నాలుగు తీర్లున్నాయి: ఎదుటివాణ్ణి మాత్రమే వినేది, ఎదురెదురుగా ఇద్దరిని వినేది, చుట్టూ వినేది, స్టీరియో. ఒంటరిగా మాట్లాడేవాడికి మొదటిది తప్ప మిగతా మూడూ మనం కట్టే అదనపు పైకమే. ఆ మీట పొరపాటున చుట్టూ వినేదాని మీద ఉంటే ఇక వంటింట్లో పోపు కూడా రికార్డయిపోతుంది!

గొంతంటే మన సినిమావాళ్ళకి కొత్తగా చెప్పాలా? రాజశేఖర్ తెరమీద నిప్పులు కక్కుతుంటే మనకి వినిపించింది సాయికుమార్ కంఠం. మొహం ఒకరిది, గొంతు మరొకరిది, అయినా హాలు దద్దరిల్లింది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం భరిస్తారు. మాట అర్థం కాకపోతే ఒక్క నిమిషం కూర్చోరు. కెమేరాకి అప్పుచేసి, మైకు దగ్గర పిసినారితనం చూపించే కుర్రాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

సరే, అసలు విషయానికి వద్దాం. యుఎస్‌బి మైకంటే ఏమిటి? మైకు కడుపులోనే గొంతుని అంకెలుగా మార్చే చిన్న యంత్రం ఉంటుంది. వేరే పెట్టెలు అక్కర్లేదు. ఒక్క తీగ కంప్యూటరుకి గుచ్చితే చాలు. మొదటిసారి కొనేవాళ్ళకి ఇంతకంటే సుఖం లేదు.

గుంటూరు అమ్మాయికి నేను చెప్పేది శామ్సన్ క్యూ2యు, లేదా ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్. రెండూ డైనమిక్, రెండూ కార్డియాయిడ్. చూడ్డానికి హరికథ మైకులా సాదాసీదాగా ఉంటాయి, గ్లామరు సున్నా. కానీ రెంటికీ రెండేసి దారులు: ఒకటి యుఎస్‌బి, రెండోది స్టేజీ మైకులకుండే ఎక్స్‌ఎల్‌ఆర్. ఇవాళ కంప్యూటరుకి గుచ్చుకోవచ్చు, రేపు అదృష్టం కలిసొచ్చి మిక్సరు కొంటే దానికీ గుచ్చుకోవచ్చు. కొన్న మైకు వృథా పోదు. చేతిలో ఇంకాస్త డబ్బున్నవాళ్ళు షూర్ ఎంవీ7 ప్లస్ చూడొచ్చు. 2020లో వచ్చిన ఎంవీ7కి తమ్ముడిది, 2024లో వచ్చింది.

ప్రతి పాడ్‌కాస్టులోనూ కనబడే ఆ నల్లటి లావుపాటి షూర్ ఎస్ఎం7బి కావాలని కొందరు పట్టుబడతారు. నిజమే, దాని పూర్వీకుడు ఎస్ఎం7 ముందు నిలబడే మైకేల్ జాక్సన్ 1982 నాటి ‘థ్రిల్లర్’ పాడాడు. అయితే అది యుఎస్‌బి మైకు కాదండీ! దానికి వేరే ఇంటర్‌ఫేసు కావాలి, అదీ గొంతుని బాగా పెంచగలిగినది కావాలి. మైకు కొనేసి, ఇంటికెళ్ళి, తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక కూర్చోవాల్సి వస్తుంది.

రంగురంగుల దీపాలు వెలిగే మైకుల గురించి కూడా అడిగారు. హైపర్‌ఎక్స్ క్వాడ్‌కాస్ట్ లాంటివి. నెత్తిమీద తడితే నోరు మూసుకుంటుంది, అదొక్కటి మెచ్చుకోవాలి. లైవ్‌లో తుమ్మొచ్చినా, అమ్మ పిలిచినా పనికొస్తుంది. పాడ్‌కాస్టయితే తర్వాత కత్తిరించుకోవచ్చు, లైవ్‌లో రెండో టేకు ఉండదు కదా! అయితే అది కండెన్సరు. ప్రశాంతమైన గది ఉన్నవాళ్ళకే.

పెట్టె మీద అంకెలు చూసి బెదిరిపోకండి. వీడియోకి వాడుక 48 కిలోహెర్ట్జ్. అది ఉంటే చాలు. 96 అని, 192 అని పెద్దక్షరాలతో అచ్చేస్తారు. మాటలు చెప్పుకోవడానికి అవి దేనికి? 16 బిట్‌తో పని జరిగిపోతుంది, 24 ఉంటే కాస్త వెసులుబాటు. వీటికన్నా ముఖ్యమైనది పెట్టె వెనక చిన్నగా రాసి ఉంటుంది: హెడ్‌ఫోను పెట్టుకునే కన్నం. మైకుకే ఆ కన్నం ఉంటే, మీ గొంతు ఏ ఆలస్యమూ లేకుండా మీ చెవికి చేరుతుంది. కంప్యూటరు చుట్టూ తిరిగొస్తే రవ్వంత వెనకబడుతుంది. మన మాట మనకే ఆలస్యంగా వినబడితే నాలుక తడబడక మానదు, కావాలంటే ఒకసారి ప్రయత్నించి చూడండి. పైగా చెవికి వినబడకపోతే తీగ ఊడిందో, ఫ్యాను మోతెక్కిందో గంటసేపు మాట్లాడాక గాని తెలియదు.

తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఓ ఇబ్బందుంది. ప, ఫ, బ, భ! పవన్, ప్రభాస్, బాలయ్య, భానుమతి... ఎవరి పేరెత్తినా మైకులో ‘ఢబ్’ మంటుంది! పెదాలు విడివడగానే వచ్చే గాలి తిన్నగా మైకుని గుద్దుతుంది. మైకుకి నురుగు టోపీ తొడగండి. అంతకంటే మంచి ఉపాయం, మైకుని నోటికి సూటిగా కాక కాస్త పక్కకి, బుగ్గ ఎదురుగా పెట్టి నోటివైపు తిప్పడం. గాలి పక్కనుంచి పోతుంది, మాట మైకులో పడుతుంది. మరీ దగ్గరకొస్తే గొంతు బొంగురుగా, బరువుగా అవుతుంది. రేడియో గొంతు వచ్చిందని మురిసిపోయేవాళ్ళున్నారు గాని, కాసేపటికి డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది.

గది సంగతి. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించకండి బాబూ! బయటి చప్పుడు ఆగదు, బల్లులు చేరతాయి. బట్టల బీరువా తలుపులు బార్లా తీసి దానికెదురుగా కూర్చోండి. వెనక మంచం మీద పరుపు, దండెం మీద బొంత, కిటికీకి మందపాటి తెర. గది మోత సగం దిగిపోయినట్టనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. మిగిలిన ఫ్యాను హోరుకి ఓబీఎస్‌లో నాయిస్ సప్రెషన్ అని ఫిల్టరుంది, ఉచితం. పప్పులో ఉప్పులా వాడండి. ఎక్కువైతే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

కనుక అమ్మాయీ, ఉన్న డబ్బంతా మైకు మీదే పెట్టకు. కొంత మిగుల్చుకుని చేతి స్టాండు, నురుగు టోపీ కొను. వాపసు తీసుకునే షాపులోనే, బిల్లుతో తీసుకో. మొదటి రోజే ఫ్యాను తిరుగుతుండగా రెండు నిమిషాలు రికార్డు చేసి, ఇంకెవరి ఫోనులోనైనా విను.

ఈ వారం ఇంకో ఉత్తరానికే చోటుంది. “మేమిద్దరం స్నేహితులం, ఇద్దరికీ చెరో యుఎస్‌బి మైకు కొని ఒకే కంప్యూటరుకి గుచ్చుకోవచ్చా?” అని విజయనగరం కుర్రాళ్ళు అడిగారు. వద్దు నాయనా! ప్రతి యుఎస్‌బి మైకుకీ తన గడియారం తనదే. గంటసేపు మాట్లాడేసరికి రెంటికీ పొత్తు కుదరక ఒకరి మాట మరొకరి మాటకన్నా వెనకబడొచ్చు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు రెండు మైకుల్ని ఒకేసారి తీసుకోను పొమ్మంటాయి కూడా. పైన చెప్పిన రెండు దారుల మైకులు రెండు కొని, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ కన్నాలున్న ఇంటర్‌ఫేసు ఒకటి తీసుకోండి. అంత డబ్బు లేదంటారా, ఎవరి ఫోనులో వాళ్ళు రికార్డు చేసుకోండి. మొదట్లో ఇద్దరూ కలిసి ఒక్క చప్పట కొడితే, ఎడిటింగులో ఆ చప్పట దగ్గర రెంటినీ కలిపేసుకోవచ్చు. షూటింగుల్లో క్లాప్ కొట్టేది కూడా అందుకే మరి!