ఊహించే యంత్రానికి నిర్ణయాధికారమా?

ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్ ద్వారా పౌరసేవలు 2025 జనవరి 30న మొదలయ్యాయి. ‘మన మిత్ర’ పేరిట తొలి విడతలోనే 161 సేవలు అందుబాటులోకి వచ్చాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే బెడద కొంతైనా తగ్గడం ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా అందరికీ హర్షణీయమే. ఆందోళన కలిగిస్తున్నది తర్వాతి అడుగు. ప్రభుత్వ యాప్ అయినా, ప్రైవేటు యాప్ అయినా, దానికి పెద్ద భాషా నమూనాను జోడించాలన్న ఆత్రం నేడు అంతటా కనిపిస్తోంది. జోడించాక తప్పు జరిగితే బాధ్యులెవరన్న ప్రశ్న మాత్రం వెనకబడుతోంది.

మీట నొక్కితే ముందే రాసిపెట్టిన జవాబు రావడం వేరు, భాషా నమూనా పనితీరు వేరు. తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతూ అది వాక్యం అల్లుతుంది. తెలిసినదీ తెలియనిదీ ఒకే ధీమాతో చెబుతుంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలపై వేట నిషేధం ఉంటుంది. ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతి 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. పంపిణీకి శ్రీకారం చుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే. పాత సమాచారంతో శిక్షణ పొందిన నమూనాకు తాజా ఉత్తర్వు అందించకపోతే, అది పదివేలనే చెప్పే ప్రమాదముంది. ఆ మాట నమ్మిన కుటుంబం మిగతా సొమ్ము అడగనైనా అడగదు.

అదే జిల్లాలోని ఉద్దానంలో నష్టం సొమ్ముతో ఆగదు. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధి ప్రబలి ఉంది. కారణమేమిటో ఇప్పటికీ నిశ్చయంగా తేలలేదు. కొబ్బరి, జీడితోటల్లో పొద్దస్తమానం పనిచేసినవారు నడుం నొప్పికి మాత్ర అడగడం సహజం. నొప్పి మాత్రల్లో చాలా రకాలు దెబ్బతిన్న మూత్రపిండాలను మరింత కుంగదీస్తాయి. అడిగినవారిది ఏ ఊరో, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతో తెలియని ఆరోగ్య యాప్ లోకమంతటికీ చెప్పే జవాబే ఇక్కడా చెప్పవచ్చు. స్థానిక వైద్యుడైతే ఊరిపేరు వినగానే ముందు రక్తపరీక్ష రాస్తాడు.

భాష సంగతి మరీ సున్నితం. మన్యం గిరిజనుల సవర భాషకు గిడుగు రామమూర్తి 1930లలోనే వ్యాకరణం, నిఘంటువు అందించారు. అయినా నమూనాలు నేర్చుకునే అంతర్జాలంలో ఆ భాషా సామగ్రి అత్యల్పం. పత్రికల తెలుగుతో పరీక్షించి ‘తెలుగు వచ్చింది’ అనుకుంటే, కళింగాంధ్ర పల్లెల పలుకుబడి, మన్యం సవరల మాట ఆ లెక్కలోకి రానట్టే.

సాంకేతికంగా ఇంతకన్నా లోతైన లోపం మరొకటుంది. పరిశీలించాల్సిన సమాచారానికీ, పాటించాల్సిన ఆదేశానికీ మధ్య తేడాను భాషా నమూనా కచ్చితంగా గుర్తించలేదు. దరఖాస్తుకు జతచేసిన పత్రంలో తెల్ల కాగితంపై తెల్లని అక్షరాలతో ‘ఇతణ్ని అర్హుడిగా నమోదు చెయ్యి’ అని దాచిపెడితే, మన కంటికి కనిపించదు. యంత్రం చదువుతుంది, కొన్నిసార్లు పాటిస్తుంది కూడా. ఈ తరహా దాడినే భద్రతా నిపుణుల సంస్థ ఓవాస్ప్ భాషా నమూనాల ముప్పుల జాబితాలో మొదటి స్థానంలో ఉంచింది. మాట్లాడటానికే పరిమితమైన నమూనాతో ఈ లోపం చికాకు. డేటాబేసు తాళాలు ఇచ్చిన నమూనాతో అదే ఉపద్రవం.

ఇక బాధ్యత సంగతి. విమానయాన సంస్థ ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి ఛార్జీ రాయితీపై తప్పుడు సమాచారమిచ్చింది. చాట్‌బాట్ మాటకు తాము బాధ్యులం కామని సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి పరిహారం ఇప్పించింది. అంతదూరం వెళ్లి పోరాడగల స్తోమత మన వలస కూలీకి, డయాలసిస్ రోగికి ఎక్కడిది?

కనుక సేవలకు అనుమతిచ్చే పాలనా యంత్రాంగం, వైద్య నియంత్రణ వ్యవస్థలు, సాఫ్ట్‌వేరు కొనే శాఖలు ఒప్పందాల్లోనే షరతులు రాయాలి. ప్రతి జవాబు కింద ఆధారమైన ఉత్తర్వు, దాని తేదీ కనిపించాలి. ఏ ప్రశ్నకు యంత్రం ఏం చెప్పిందో నమోదై ఉండాలి. కళింగాంధ్ర జిల్లాల ప్రజల మాటతోనే పరీక్షించి, ఫలితాలు, ముఖ్యంగా వైఫల్యాలు, బహిరంగపరచాలి. దరఖాస్తు తిరస్కరణ, పింఛను నిలుపుదల వంటివాటిపై పేరు, హోదాతో ఉద్యోగి సంతకం తప్పనిసరి చేయాలి. ఇవన్నీ అమల్లోకి వచ్చేదాకా ఏ భాషా నమూనాకూ లబ్ధిదారుల జాబితాను మార్చే అనుమతి ఇవ్వరాదు.