ట్యాంకా, గొట్టమా? ముందు నిల్వ ఎంతో అడగాలి

మందులు, రంగులు, ప్లాస్టిక్... ఏది తయారు కావాలన్నా ముడి రసాయనాల మధ్య చర్య జరగాలి. అది జరిగే పాత్రే రియాక్టర్. నిరంతరం నడిచే రియాక్టర్లలో రెండు రకాలు ముఖ్యం. స్టిర్రర్ తిరుగుతూ లోపలి ద్రవాన్ని కలియబెట్టేది స్టిర్డ్ ట్యాంక్. రసాయనాలు ఒక చివర ప్రవేశించి, చర్య జరుపుకుంటూ మరో చివర బయటపడే పొడవాటి గొట్టం ప్లగ్ ఫ్లో రియాక్టర్. ఏది మెరుగన్నది ఇంజనీరింగ్ తరగతుల్లో పాత ప్రశ్నే. జవాబు మాత్రం తరచూ పరిమాణం, ఖర్చుల దగ్గరే ఆగిపోతోంది. అది చాలదు.

ట్యాంకులోకి వచ్చిన ముడి పదార్థం వెంటనే మొత్తం ద్రవంలో కలిసిపోతుంది. అందుకే లోపల దాని గాఢత ఎప్పుడూ తక్కువ, చర్య నెమ్మది. గొట్టంలో ముందు వచ్చింది ముందే సాగిపోతుంది. ప్రవేశం దగ్గర గాఢత ఎక్కువ కాబట్టి చర్య అక్కడ చురుగ్గా జరుగుతుంది. చర్య వేగం గాఢతకు అనులోమంగా ఉంటే, 90 శాతం పదార్థం మారడానికి ట్యాంకు గొట్టం కంటే దాదాపు 4 రెట్లు పెద్దదిగా ఉండాలి. 99 శాతానికైతే 21 రెట్లకు పైనే.

పరిమాణం పెరిగితే ఖర్చే కాదు, ఏ క్షణానైనా లోపల ఉండే రసాయనం కూడా పెరుగుతుంది. ఆ నిల్వ ఎంత ప్రమాదకరమో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో చెబుతుంది. అక్కడ నైలాన్ ముడిసరుకు కోసం సైక్లోహెక్సేన్‌ను వరుసగా ఉన్న ఆరు ట్యాంకుల్లో ఆక్సీకరణం చేసేవారు. పగులిచ్చిన అయిదో ట్యాంకును తీసేసి తాత్కాలిక పైపు బిగించారు. 1974 జూన్ 1న అది తెగి, ఆవిరి మేఘం పేలి, 28 మంది చనిపోయారు. తెగింది పైపే. కానీ ఒక దఫాలో దాదాపు 6 శాతమే మారేది. మిగిలినది వేడిగా, పీడనంతో టన్నుల కొద్దీ తిరుగుతూ ఉండేది. ప్రమాదకర పదార్థాన్ని కాపాడుకోవడం కంటే తక్కువ ఉంచుకోవడమే మేలని ఆ తర్వాత బ్రిటన్ ఇంజనీర్ ట్రెవర్ క్లెట్జ్ గట్టిగా వాదించారు.

అలాగని ట్యాంకు పనికిరానిది కాదు. అందులో ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉంటుంది. ఘనపదార్థాలు ఏర్పడితే గొట్టం మూసుకుపోతుంది, ట్యాంకు తట్టుకుంటుంది. రెండు సమాన ట్యాంకులను వరుసగా పెడితే, 90 శాతానికి కావలసిన మొత్తం పరిమాణం సగానికంటే తగ్గుతుంది.

హైదరాబాద్ చుట్టూ, విశాఖ ప్రాంతంలో మందుల ముడిసరుకు ఎక్కువగా బ్యాచ్ పద్ధతిలోనే తయారవుతుంది. ట్యాంకు నింపి, చర్య ముగిశాక ఖాళీ చేస్తారు. ఒకే ట్యాంకులో ఈ నెల ఒక మందు, వచ్చే నెల మరొకటి చేసుకునే వెసులుబాటు చిన్న పరిశ్రమలకు ఆధారం. దాన్ని పూర్తిగా వదులుకోమనడం న్యాయం కాదు. అయితే నైట్రేషన్ వంటి, వేడిని విపరీతంగా వెలువరించే చర్యల సంగతి వేరు. సన్నని గొట్టంలో ఒక్కసారికి కొద్దిపాటి ద్రవమే ఉంటుంది, వేడి గోడల గుండా త్వరగా బయటికి పోతుంది. ఇలాంటి చర్యలకైనా గొట్టాన్ని ముందు పరిశీలించి, కాదనుకుంటే కారణం రాసి ఉంచాలి.

డిజైన్ పత్రాల్లోనూ, విద్యార్థుల లెక్కల్లోనూ దిగుబడి, ఖర్చుల పక్కన మరో గడి ఉండాలి: ఈ క్షణంలో లోపల ఎన్ని కిలోలు ఉన్నాయి? ఏదైనా తెగిన రోజు, కార్మికుల ప్రాణాలు ఆ అంకె మీదే ఆధారపడతాయి.