పెరటికి కూడా పట్టా కావాలి

విజయవాడ పటమటలో ఇవాళ పెరడు లేదని ఎవరూ ఎవరినీ తప్పు పట్టరు. అది ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న పంచాయతీ అని పాతకాపులు చెబితే తప్ప కొత్తగా దిగినవాళ్లకు తెలియదు. గజాల లెక్కన కొన్న అపార్ట్‌మెంటు, బాల్కనీలో తులసి కుండీ, దాని పక్కన కరివేపాకు మొక్క. కూరలు కావాలంటే రైతుబజారు ఉంది, పాలు కావాలంటే తెల్లారేసరికి ప్యాకెట్టు గుమ్మంలో ఉంటుంది. నగరం గజాల్లో ఆలోచిస్తుంది, దాని ఇరుకు అలాంటిది. పేచీ అంతా ఆ గజాల లెక్కనే కంకిపాడు, తోట్లవల్లూరు, మొవ్వ, గుడ్లవల్లేరు పల్లెలకు మోసుకెళ్లి అక్కడి పేదల ఇంటిస్థలానికి అంటగట్టడం దగ్గరే. ఆ పటమట బజారుకు కూరలు, ఆ ప్యాకెట్లలోకి పాలు వచ్చేది ఇలాంటి పల్లెల నుంచే కదా. కూలి కుటుంబానికో కౌలు కుటుంబానికో ఇంటిస్థలం ఇచ్చేటప్పుడు పైకప్పుకు పట్టేంత జాగా కొలిచి ఊరుకుంటే, ఆ కుటుంబం రోజూ పనిచేసుకునే చోటును కోసేసినట్టే. పల్లెలో ఇంటిస్థలం కొలతను పెరటితో కలిపి లెక్కకట్టాలి.

లెక్కలు కొంచెం చూద్దాం. సెంటు అంటే 48.4 గజాలు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పట్టాల పంపిణీలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున 30 లక్షల పైచిలుకు కుటుంబాలకు స్థలాలు చూపించారు. అంతమందికి, అందులోనూ ఆడవాళ్ల పేరున, పట్టాలివ్వడం చిన్న విషయం కాదు. ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ సెంటున్నర అంటే 73 గజాల లోపు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కడితే 38 గజాలు పోతాయి. మెట్లు, మరుగుదొడ్డి, గోడల మధ్య సందు తీసేస్తే బట్టలారేసుకునే చోటు మిగులుతుంది. ఈ స్థలాలు చాలవని 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆక్షేపించింది కూడా. ఆ తీర్పు తర్వాత నిలవలేదు, అది వేరే సంగతి. ప్రభుత్వం మారాక 2025 జనవరిలో పల్లెలకు మూడు సెంట్లు, పట్టణాలకు రెండు సెంట్లు అని కొత్త కొలత ఖరారు చేశారు. మూడు సెంట్లంటే 145 గజాలు. ఇది ముందడుగే. పాదులు పెట్టుకోవచ్చు, నాలుగు కోళ్లు పెంచుకోవచ్చు. గేదెను మాత్రం కట్టుకోలేరు.

గేదె దగ్గరే ఎందుకు ఆగుతున్నామంటే, కృష్ణా డెల్టా పల్లెలో పేద ఇంటి ఆర్థికమంతా దాని గుంజ చుట్టూనే తిరుగుతుంది. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, రాత్రి మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడతాయి. అందులో గుప్పెడు తవుడు, చేతిలో డబ్బులుంటే కాస్త తెలగపిండి. ఆ కుడితి తాగిన గేదె పాలు పాలకేంద్రానికి వెళతాయి. పేడ పెంటపోగుకు చేరుతుంది, మాగిన ఎరువు తొలకరికి తవ్విన పాదుల్లోకి దిగుతుంది. అంట్లు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి పారతాయి. సొరతీగ పాక మీదికెక్కుతుంది, బీరతీగ కంచె మీదికి పాకుతుంది, మూలన మునగచెట్టు ఎవరి అజమాయిషీ లేకుండానే కాస్తుంది. నూకలు కోళ్లకు, గుడ్లు పిల్లలకు. పాలు తప్ప ఇందులో ఏదీ తూకానికి రాదు, ఏ ఖాతాలోనూ ఎక్కదు. కానీ ఈ తిరుగుడుకు జాగా కావాలి. పొయ్యికి దూరంగా గడ్డివాము ఉండాలి, లేకపోతే నిప్పుతో చెలగాటమే. పడుకునే గదికి ఎడంగా కొట్టం, దానికీ ఎడంగా పెంటపోగు ఉండాలి. పైగా డెల్టాలో జాగా ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడాలి. పాత ఊళ్లన్నీ మెరక మీద కట్టినవి. కాలనీలకు తరచూ పల్లపు పొలాలు దొరుకుతాయి. నాలుగు రోజులు ముసురు పట్టి నీళ్లు నిలిచాయంటే పాదుల వేళ్లు కుళ్లిపోతాయి, పశువుల గిట్టలు చెడతాయి.

దీన్ని పాతరోజుల మీద మమకారం అనుకోనక్కర్లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వే ప్రకారం దేశంలో సగటు వ్యవసాయ కుటుంబం నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798, పశుపోషణ మీద వచ్చింది 1,582. పంట భూమి ఉన్నవాడికే వస్తుంది, పశువు భూమి లేనివాడికీ వస్తుంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2.45 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ. కృష్ణా డెల్టాలో సేద్యం చాలావరకు కౌలు మీద నడుస్తుంది. పంట చేతికొచ్చాక ముందు కదిలేవి కౌలు బస్తాలు, తర్వాత ఎరువుల కొట్టు బాకీ. ఇంట్లో ఖర్చుకు పది, పదిహేను రోజులకోసారి చేతిలో పడేది పాలబిల్లే. ఇంకో లెక్క కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. పెరట్లో తోటకూర, మునగాకు ఉన్నంత మాత్రాన అది తగ్గిపోతుందని ఎవరూ అనరు. కూలి డబ్బులతో కొనాల్సివచ్చిన ఇంట్లో మాత్రం చారు మిగులుతుంది, ఆకుకూర పోతుంది.

ఇంటిస్థలంలో పెరటికీ చోటుండాలన్న సంగతి వేరే రాష్ట్రాలకు ఎప్పుడో తెలుసు. కేరళ భూసంస్కరణల చట్టం 1970 జనవరి నుంచి పూర్తిగా అమలైనప్పుడు గుడిసెల్లో ఉన్న కూలీలకు పంచాయతీల్లో పది సెంట్లు, చిన్న పట్టణాల్లో అయిదు, నగరాల్లో మూడు సెంట్ల మీద హక్కు దక్కింది. నగరానికి వాళ్లు పెట్టిన కొలత మనం ఇప్పుడు పల్లెకు పెట్టాం. పశ్చిమ బెంగాల్ 1975 చట్టంలో వ్యవసాయ కూలీలకు, చేతిపనివాళ్లకు, మత్స్యకారులకు ఎనిమిది సెంట్ల దాకా వీలు కల్పించింది. కేంద్రం 2013లో తయారుచేసిన ఇంటిస్థలం హక్కు బిల్లు ముసాయిదాలో ఇల్లూ భూమీ లేని గ్రామీణ కుటుంబానికి పది సెంట్లన్నారు. అది చట్టం కాలేదు. సమష్టి సేద్యం గొప్పతనం గురించి మన డెల్టాలో ఒకప్పుడు చాలా సభలు జరిగాయి. ఆ సేద్యానికి ఆదర్శంగా చూపిన సోవియట్ దేశంలోనే రైతుల సొంతానికి వదిలిన పెరటి చెక్కలు సాగుభూమిలో మూడు నాలుగు శాతానికి మించకపోయినా వ్యవసాయోత్పత్తిలో దాదాపు పావు వంతు ఇచ్చేవి. పశువుల మేత సమష్టి పొలాల నుంచే వచ్చేదన్నది నిజమే. అయినా ఆ చిన్న చెక్కలో ఆ ఇంటి మనిషి పెట్టిన శ్రద్ధకు వేరే వివరణ లేదు.

అసలైన అభ్యంతరం భూమి ధర. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. డెల్టాలో ఎకరం అరకోటి అనుకుందాం. మూడు సెంట్లను పది చేస్తే అదనంగా ఏడు సెంట్లకు కుటుంబానికి మూడున్నర లక్షలవుతుంది, ఇల్లు కట్టడానికిచ్చే సాయం కంటే ఎక్కువ. అందుకే అందరికీ ఒకే కొలత అనే మంకుపట్టు వదలాలి. మెట్టప్రాంతంలో పది సెంట్లివ్వడం పెద్ద బరువు కాదు. డెల్టాలో భూమిలేని కుటుంబానికి అయిదు సెంట్లిచ్చి, కాలనీ అంచున పశువుల కొట్టాలకు, గడ్డివాములకు, పెంటపోగులకు ఉమ్మడి జాగా విడిచిపెట్టవచ్చు. ఇళ్ల మధ్య పశువులుంటే ఈగలూ దోమలూ అనే అభ్యంతరానికి కూడా అదే జవాబు. వెయ్యి కుటుంబాలకు రెండేసి సెంట్లు పెంచితే ఇరవై ఎకరాలు. రహదారుల వెడల్పుకూ లేఅవుట్లకూ అంతకు ఎన్నో రెట్లు సేకరించిన యంత్రాంగానికి ఇది మోయలేని భారమంటే నమ్మడం కష్టం.

భూమి ఉన్నవాళ్లే గేదెల్ని అమ్మేసుకుంటున్నారు, పేదలకెందుకీ తద్దినం అని మరో మాట. అమ్ముకుంటున్న మాట నిజమే. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి మునుపటిలా దొరకడం లేదు, కైకలూరు వైపు పొలాలు చేపల చెరువులయ్యాక మేత బీళ్లు పోయాయి. కానీ వదులుకోగలిగినవాడు వదులుకోవడం వేరు, జాగా లేక వదులుకోవాల్సి రావడం వేరు. గేదె వద్దనుకున్న ఇంట్లో ఆ స్థలంలో కుట్టుమిషను పడుతుంది, పచ్చడి జాడీలు ఆరతాయి, రేపు కొడుకు పెళ్లయితే ఒక గది లేస్తుంది. స్థలం పెద్దదైతే అమ్ముకుపోతారన్న అనుమానం సెంటున్నరకూ వర్తిస్తుంది. దానికి 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉంది, దాన్ని సరిగా అమలు చేయడమే మందు.

ఇంతకంటే బరువైన ప్రశ్న ఆడవాళ్లది. పెరడంటే వాళ్ల నడుం మీద ఇంకో బస్తా కదా? 2024 కాలవినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. పేడ తీయడం, కుడితి కలపడం, పాదులకు నీళ్లు మోయడం ఎవరి వంతో అందరికీ తెలుసు. స్థలం పెంచినంత మాత్రాన ఈ అన్యాయం పోదు, కొంత పెరగొచ్చు కూడా. దీనికి చేయగలిగింది పెరటి దాకా కుళాయి వేయడం, పట్టాలాగే పాలబిల్లూ ఆమె ఖాతాలోనే పడేలా చూడటం. మిగతాది మగవాళ్లు తెల్లారి లేచి కొట్టం ఊడవడం మీద ఉంది, దానికి జీవో రాదు. అయితే పెరడు లేని ఇంట్లో ఆమెకు తీరిక దొరుకుతుందనుకుంటే పొరపాటు. ఆ గంటలు పరాయి పొలంలో కూలికి పోతాయి, ఆ కూలి డబ్బులు సాయంత్రం కూరల కొట్లో పోతాయి.

మూడు సెంట్ల స్థలాల పంపిణీ ఇంకా చేయాల్సి ఉన్న ఊళ్లలోనైనా రెవెన్యూ శాఖ ఆగి ఒక పని చేయాలి. లేఅవుట్ గీయకముందే గ్రామసభ పెట్టి, పశువులున్న ఇళ్లు ఎన్ని, కావాలనుకునే ఇళ్లు ఎన్ని, ఊళ్లో మెరక ఎక్కడుందో అడిగి రాసుకోవాలి. ఆ తర్వాత భూమిలేని గ్రామీణ కుటుంబానికి డెల్టాలో అయిదు సెంట్లు, మెట్టలో పది సెంట్లు కనీసమని ఉత్తర్వు సవరించాలి.