మంచి మాల్బెక్ చవకగా దొరకాలంటే: సీసా ధరలో ద్రాక్ష వాటా ఎంత?

తక్కువ ఖర్చుతో మంచి ఎర్ర వైన్ కావాలంటే అర్జెంటీనా మాల్బెక్ తీసుకోవాలన్న అభిప్రాయం గత రెండు దశాబ్దాలలో ప్రపంచమంతటా స్థిరపడింది. అది నిరాధారమైనదేమీ కాదు. అయితే ఆ చవకదనానికి పునాది వేసిన పరిస్థితులు ఇప్పుడు ఒక్కొక్కటిగా మారుతున్నాయి. అమెరికా సూపర్ మార్కెట్లలో పది, పదిహేను డాలర్లకు లభించే ఈ వైన్ భారతదేశం చేరేసరికి విలాసవస్తువు అవుతోంది. దాని స్వస్థలమైన మెండోజాలో ద్రాక్ష పండించే రైతుకు మాత్రం గిట్టుబాటు కష్టమవుతోంది. ఈ రెండు కొసలనూ కలిపి చూస్తేనే మాల్బెక్ ధర అర్థమవుతుంది.

పుట్టినిల్లు ఫ్రాన్స్, మెట్టినిల్లు మెండోజా

మాల్బెక్ ద్రాక్ష పుట్టినిల్లు ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలోని కాఓర్. ఫ్రెంచ్ వ్యవసాయ నిపుణుడు మిషెల్ ఎమే పూజే దీన్ని మెండోజాకు తీసుకువచ్చారు. అక్కడ వ్యవసాయ పాఠశాల నెలకొల్పాలన్న ప్రతిపాదన 1853 ఏప్రిల్ 17న రాష్ట్ర చట్టసభ ముందుకు వచ్చింది. తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన సార్మియెంతో దీనికి వెన్నుదన్నుగా నిలిచారు. ఏటా అదే తేదీన ప్రపంచ మాల్బెక్ దినం జరుపుకోవడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో ఈ తీగకు మొదట ఫిలాక్సెరా పురుగు, ఆపైన 1956 నాటి తీవ్రమైన మంచు గట్టి దెబ్బ కొట్టాయి. ఆండీస్ పర్వతాల పాదాల వద్ద మాత్రం అది నిలదొక్కుకుంది.

మెండోజాలో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. పొడి గాలి వల్ల తెగుళ్లు తక్కువ, మందుల ఖర్చూ తక్కువే. కొండలపై కరిగిన మంచు కాలువల ద్వారా తోటలకు చేరుతుంది. పగటి ఎండకు పండు బాగా పక్వానికి వస్తుంది, రాత్రి చలి దానిలోని పులుపును కాపాడుతుంది. అందుకే నేరేడు రంగు, పండిన ప్లమ్ రుచి, గొంతు పట్టని మెత్తని వగరు మాల్బెక్‌కు గుర్తింపుగా నిలిచాయి.

ప్రకృతికి ద్రవ్య సంక్షోభం తోడైంది. ఒక పెసోకు ఒక డాలర్ అన్న విధానం 2002 జనవరిలో కుప్పకూలి, కొద్ది నెలల్లోనే పెసో తన విలువలో అధికభాగాన్ని కోల్పోయింది. దేశ ప్రజలను కుంగదీసిన ఆ పతనమే వైన్ ఎగుమతులకు అవకాశమైంది. మాల్బెక్‌కు వచ్చిన 'చవక, శ్రేష్ఠం' అన్న పేరు ఆ కాలంలోనే బలపడింది.

తోటలో కుదరని లెక్క

ఇప్పుడు ఆ లెక్క తారుమారవుతోంది. 2023లో అర్జెంటీనా వార్షిక ద్రవ్యోల్బణం 211 శాతం దాటింది. ఆ ఏడాది డిసెంబరులో పెసో విలువను భారీగా తగ్గించినా, తరువాత దేశీయ ధరలు డాలర్ కంటే వేగంగా పెరిగాయి. దాంతో గాజు సీసా, కూలి, ఇంధనం వంటి ఖర్చులన్నీ డాలర్ల లెక్కలో భారమయ్యాయి. చవక పెసో ఇచ్చిన వెసులుబాటు చాలావరకు కరిగిపోయింది.

మరోవైపు గిరాకీ తగ్గుతోంది. 1970 ప్రాంతంలో సగటు అర్జెంటీనా పౌరుడు ఏడాదికి దాదాపు 90 లీటర్ల వైన్ తాగేవాడు. నేడది 20 లీటర్ల లోపే. వైన్‌ను 2010లో జాతీయ పానీయంగా ప్రకటించినా ఈ తగ్గుదల ఆగలేదు. ప్రపంచ వైన్ వినియోగం కూడా 2024లో 1961 తరువాత అత్యల్ప స్థాయికి చేరిందని అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ అంచనా వేసింది. దీనికి నీటి కొరత తోడైంది. మధ్య ఆండీస్‌లో 2010 నుంచి దశాబ్దానికి పైగా హిమపాతం తగ్గింది. ఆలస్యంగా వచ్చిన మంచు దెబ్బకు 2023 దిగుబడి దశాబ్దాలలోనే అత్యల్పంగా నమోదైంది. దేశంలో ద్రాక్ష విస్తీర్ణం తగ్గుతూ వస్తోంది. అంటే అట్టడుగు ధరకు దొరికే సీసా రైతు చేతికి అంతంతమాత్రం మిగిలిస్తోంది.

లేబుల్ చెప్పేది, చెప్పనిది

ఈ స్థితిలో కొనుగోలుదారు ఆధారపడగలిగేది లేబుల్‌పైనే. అర్జెంటీనా నిబంధనల ప్రకారం ఒక ద్రాక్ష రకం పేరుతో అమ్మే వైన్‌లో ఆ రకం కనీసం 85 శాతం ఉండాలి. ఎర్ర వైన్‌కు 'రిజర్వా' అంటే కనీసం 12 నెలలు, 'గ్రాన్ రిజర్వా' అంటే 24 నెలలు నిల్వ ఉంచినది. అది కాలానికి హామీ మాత్రమే, రుచికి కాదు. తక్కువ ధర సీసాలో ఓక్ వాసన గుప్పుమంటే అది ఖరీదైన పీపా నుంచి కాక ఓక్ చెక్క ముక్కల నుంచి కూడా వచ్చి ఉండవచ్చు. ధర తగ్గేకొద్దీ ఓక్ ప్రస్తావన లేని, ఇటీవలి సంవత్సరపు మాల్బెక్‌ను ఎంచుకోవడం మేలు. అందులో పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ద్రాక్షకే చెందుతుంది.

ఊరి పేరు కూడా ముఖ్యమే. లేబుల్‌పై 'మెండోజా' అని మాత్రమే ఉంటే ద్రాక్ష ఆ రాష్ట్రంలో ఎక్కడిదైనా కావచ్చు. లుహాన్ ద కుయో అని ఉంటే పండు రుచి నిండుగా, మెత్తగా ఉంటుందని ఆశించవచ్చు. మరింత ఎత్తులోని ఉకో లోయ వైన్లలో పులుపు చురుకుగా తెలుస్తుంది. పేరున్న పెద్ద సంస్థలు ఒకే బ్రాండు కింద పలు శ్రేణుల వైన్లు తయారుచేస్తాయి కనుక, అట్టడుగు శ్రేణి కంటే ఒక మెట్టు పైది తరచూ పెట్టిన డబ్బుకు తగిన ఫలితమిస్తుంది.

మాల్బెక్ ఒక్కదానికే పరిమితం కానక్కరలేదు. అర్జెంటీనాలో మాల్బెక్ తరువాత అత్యధికంగా సాగయ్యే ఎర్ర వైన్ ద్రాక్ష బొనార్డా. పేరు ఇటలీదిలా వినిపించినా, ఇది ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతపు రకమని జన్యు పరీక్షలు తేల్చాయి. దీనికి మాల్బెక్ అంతటి కీర్తి లేదు కాబట్టి కీర్తికి చెల్లించవలసిన అదనపు ధర కూడా ఉండదు.

సుంకాల గోడ

భారతీయ కొనుగోలుదారు విషయంలో ఈ జాగ్రత్తలన్నీ సుంకాల వద్ద ఆగిపోతున్నాయి. దిగుమతి వైన్‌పై మూల సుంకం 50 శాతం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 100 శాతం, మొత్తం 150 శాతం. ఒక సీసా మన రేవుకు 4 డాలర్లకు చేరిందనుకుంటే, గడప దాటేలోగా దాని విలువ 10 డాలర్లవుతుంది. ఆపైన రాష్ట్రాల ఎక్సైజ్ సుంకం, లేబుల్ నమోదు రుసుము, పంపిణీదారు, దుకాణదారుల లాభం కలుస్తాయి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కనుక ప్రతి రాష్ట్రానిదీ వేరు లెక్క. రెండు తెలుగు రాష్ట్రాలలో టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది. వీధి వీధినా 'వైన్స్' అన్న బోర్డు కనిపించినా, ఆ దుకాణాలలో ప్రధానంగా అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, బీరే.

వాణిజ్య ఒప్పందాలు ఈ గోడను కొంత తగ్గిస్తున్నాయి, అయితే పై అంతస్తు నుంచి. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందం ప్రకారం, కనీస దిగుమతి ధర 5 డాలర్లున్న సీసాపై సుంకం వెంటనే 100 శాతానికి, 15 డాలర్లున్నదానిపై 75 శాతానికి తగ్గింది. 5 డాలర్ల లోపు సీసాకు ఊరట లేదు. మధ్యతరగతి కొనగలిగిన వైన్ రాయితీకి వెలుపలే మిగిలింది.

అర్జెంటీనా సభ్యదేశంగా ఉన్న మెర్కోసూర్ కూటమితో భారత్ కుదుర్చుకున్న ప్రాధాన్య వాణిజ్య ఒప్పందం 2009 నుంచి అమలులో ఉన్నా, దాని పరిధి సుమారు 450 వస్తువులకే పరిమితం. 2025 జులైలో ప్రధాని నరేంద్ర మోదీ బ్యూనస్ ఎయిర్స్ పర్యటనలో దాని విస్తరణ చర్చకు వచ్చింది. అర్జెంటీనా సోయా నూనె మన వంటిళ్లకు కొత్త కాదు, లిథియం నిక్షేపాలపైనా భారత్ దృష్టి ఉంది. ఇంత పెద్ద బేరంలో వైన్ చిన్న అంశమే. కానీ అది చర్చకు వచ్చిన రోజున, సుంకం ఎంత తగ్గిందన్నదానితో పాటు కనీస ధర గీతను ఎక్కడ గీశారన్నదీ చూడాలి. ఆ గీత పైన ఉన్నంతకాలం, చవక సీసాకు చెల్లించే డబ్బులో సింహభాగం పన్నులకే పోతుంది. తోటలో ద్రాక్ష కోసిన చేతులకు చేరేది స్వల్పమే.