గృహమునందలి చిన్న సొగసులు

“ఇంటిని చూచి ఇల్లాలిని చూడుము” అను సామెతను చదువరు లెల్లరు వినియే యుందురు. ఇందు సగము సత్యము కలదు. సగము అన్యాయమును కలదు. ఇల్లు చూడగనే యందు వసించువారి మనస్సు కొంత తెలియుట సత్యము. ఆ యింటి మంచిచెడ్డల భారమంతయు ఒక్క యిల్లాలి తలపై మోపుట అన్యాయము. ఈ రెంటిని గూర్చి నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవింప దలచితిని.

చిన్న సొగసు లనగా నిలువుటద్దములు గావు, పట్టుపరుపులు గావు. గడపకు రాచిన పసుపు, వాకిటి ముగ్గు, ద్వారమునకు గట్టిన మామిడాకుల తోరణము, పాలగిన్నెపై పూసల యంచుగల అల్లికమూత, తలగడ గలీబు మూల కుట్టిన చిన్నపువ్వు, చదువుకొను బల్లపై గాజుగ్లాసులో నుంచిన రెండు నందివర్ధనములు — ఇట్టివి. వీనిలో నేదియు లేకున్నను అన్నము ఉడుకును, నిద్ర పట్టును. అట్లయిన వీనికై శ్రమపడనేల యని పొదుపరులును, మన బాలురలో ననేకులును ప్రశ్నింతురు. ప్రశ్న సహేతుకమే, దానికి ప్రత్యుత్తర మీయవలసినదే.

మొదటి ప్రత్యుత్తర మిది. ఈ సొగసులలో బెక్కులు అవసరము వెంటనే పుట్టినవి. బియ్యపుపిండితో బెట్టిన ముగ్గు చీమలకును పిచ్చుకలకును ఆహారము. గోడ యడుగున దీర్చిన ఎఱ్ఱమన్ను పట్టె వానచినుకులు చిందించిన బురదమరకలను కప్పును. అంచు కుట్టిన గుడ్డ పోగులు విడిపోక చిరకాలము మన్నును. పాలగిన్నెపై మూతకు గ్రుచ్చిన పూసల బరువువలన ఆ మూత గాలికి ఎగిరిపోదు. ఈగ లోనికి బోదు. పనికివచ్చు వస్తువు నెట్లయినను చేయవలసియే యున్నప్పుడు, దానిని కంటి కింపుగా జేయుటకు గావలసిన యధికశ్రమ మిక్కిలి స్వల్పము.

రెండవ ప్రత్యుత్తరము దీనికన్న ముఖ్యమైనది. సొగసు చూపును పదును పెట్టును. గ్లాసులోని పూలనీరు దినదినము మార్చువాడు బల్లపై ధూళిని గూడ చూచును. గడపకు పసుపు రాచునామె గడప మూలనున్న చెదపురుగును ముందుగా గనిపెట్టును. శ్రద్ధ యనునది ఒక వస్తువుకడ నిలిచిపోవునది గాదు, పక్కవస్తువునకు ప్రాకును. మఱియు నిది ధనవంతుల సొత్తును గాదు. తాటాకు పాకముందు దీర్చిన నాలుగుచుక్కల ముగ్గు, “ఇందున్నవారు బ్రదుకును భారముగా నీడ్చుట లేదు, ప్రేమతో దిద్దుకొనుచున్నారు” అని దారినబోవువారికి జెప్పుచునే యుండును. పేదవానికి అన్నవస్త్రములే చాలును, అందముతో నేమి పని యనువారు పేదవాని హృదయము నెఱుగరు.

అయినను ప్రతి సొగసును మెచ్చుకొన వలసినది కాదు. శుభ్రత ముందు, సొగసు పిదప. మురికి బల్లను అల్లికగుడ్డతో గప్పుట అలంకారము గాదు, మోసము. మంచి పళ్ళెరములను, కప్పులను అద్దాల బీరువాలో నతిథులకై దాచి, ఇంటిబిడ్డలకు అంచు విఱిగిన కప్పులలో పాలిచ్చు గృహములు లేకపోలేదు. ఆ బీరువా యలంకారము పరుల మెప్పునకేగాని గృహసుఖమునకు గాదు. ఇప్పుడు అంగళ్ళలో ప్లాస్టికు తోరణములును, గచ్చునకు అంటించు ముగ్గు స్టిక్కర్లును దొరకుచున్నవి. తీరిక లేనివారు వానిని గొనుటను నేను నిందింపను. కాని యేడాది పొడుగున దుమ్ముపట్టి వ్రేలాడు తోరణమునకు పండుగ యెట్లు తెలియును? వాడిపోవు ఆకులను తీసి మఱల గట్టుటలోనే పండుగ యున్నది. అట్లే సెల్‌ఫోనులో ఛాయాచిత్రము తీసి పదిమందికి జూపుటకై సవరించిన గది, చిత్రము తీసిన మఱుక్షణము చిందరవందర యగును. మన కనులకొఱకు, మనవారి కనులకొఱకు దిద్దిన సొగసే నిలుచును.

ఇక సామెతలోని అన్యాయమునకు వత్తును. మన సొగసుల వెనుక నెవరి చేతులున్నవో మనము తలచుట యరుదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురమును, ఆ చుట్టుపట్ల గ్రామములును లేసు అల్లికకు ప్రసిద్ధములు. గోదావరీ ప్రాంతమున నీ విద్యను 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిరి. ఒక కొక్కెపుసూది, ఒక నూలుదారపు ఉండ — పనిముట్లింతియే. వీనితో మన స్త్రీలు అల్లిన బల్లగుడ్డలు సముద్రములు దాటి పరదేశముల గృహముల నలంకరించినవి. మేరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఈ పనివారిని గూర్చి 1982లో నొక గ్రంథమును ప్రకటించెను. దినమునకు పెక్కుగంటలు అల్లుచున్నను ఆ స్త్రీలను పనివారినిగా నెంచక, తీరికవేళ ప్రొద్దుపుచ్చు గృహిణులుగా లెక్కించిరనియు, అందువలననే వారి కూలి మిక్కిలి తక్కువగా నుండెననియు నామె చూపెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని ఊరిపేరునకు వచ్చిన గౌరవము అల్లినచేతికి కూలిగా రానిచో నది యసంపూర్ణము.

“తీరికవేళ పని” యను నీ మాటయే మన యిండ్లలోను వినవచ్చుచున్నది. వంట, పాత్రలు, బట్టలు ముగిసినపిదప తల్లి ముగ్గుపెట్టును, గలీబు కుట్టును, తోరణము గట్టును. కొడుకు చదువుకొనును, కూతురు చదువుకొనుచు తల్లికి తోడ్పడును. ఇల్లు బాగున్నచో మెప్పు కుటుంబమునకు, లేనిచో నింద యిల్లాలికి! సొగసు ఒకరికి సేవయు, మఱియొకరికి భోగమును అగుచో నది యెంత యందమైనదైనను నాకు రుచింపదు. అట్టి యింట ముగ్గు లేకున్నను మేలే. తల్లి యొక గడియ కూర్చుండి విశ్రమించును.

చేతిపని పురుషులకు దగదని బాలురు తలంతురేమో. వరాహనదీ తీరమున నున్న ఏటికొప్పాకలో పురుషులు అంకుడుకఱ్ఱను మరపై త్రిప్పుచు, గింజలు, ఆకులు, వేళ్లు మున్నగువాని నుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి బొమ్మలను, భరణులను చేయుచున్నారు. ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చెక్కువారు, పెడనలో అచ్చులతో కలంకారీ వస్త్రముల నద్దువారు అందఱును స్త్రీలే గారు. లోకమునకు సొగసు నమ్మునప్పుడు పురుషునకు లేని సిగ్గు, తన యింటిలో దిద్దునప్పుడు మాత్ర మేల?

కావున నా మనవులు మూడు. పాఠశాలలో కుట్టుపని, అల్లిక బాలికలతోపాటు బాలురకును నేర్పవలెను; గుండీ కుట్టుకొనలేని చదువు కొఱతగల చదువే. చేతిపని వస్తువును గొనునప్పుడు పెద్ద యంగడిలో చెప్పినధర కిచ్చి, వీధిలో నల్లినయామెతో పది రూపాయలకై బేరమాడు అలవాటును తల్లిదండ్రులు మానవలెను. ప్రతి విద్యార్థియు తన యింట నొక చిన్నసొగసును తనదిగా బూనవలెను. అది పూలనీరు మార్చుట కావచ్చును, దీపపుచిమ్నీ తుడుచుట కావచ్చును, పుస్తకములకు అందముగా అట్టలు వేయుట కావచ్చును. ఎవరును చెప్పకయే దినదినము చేయవలెను.

అప్పుడు మన సామెతను కొంచెము మార్చుకొనవచ్చును: ఇంటిని చూచి ఇంటివారి నందఱను చూడుము.